పదిహేనో మంచం దగ్గర దారి చెప్పే గొంతు

మా ఐసీయూలో పద్నాలుగో మంచం లేదు. నాలుగోదీ లేదు. నాలుగు అంటే మా భాషలో చావు మాట వినిపిస్తుందని ఆస్పత్రి కట్టినవాళ్ళు ఆ అంకెల్నే ఎగరగొట్టేశారు. పదమూడు తర్వాత నేరుగా పదిహేను. కానీ పదమూడు పక్కనున్నది పద్నాలుగు కాక ఇంకేమవుతుంది? గోడ మీద అంకె మార్చేస్తే దెయ్యాలు మోసపోతాయా?

పోవు. అందుకే ఆ పదిహేనో మంచానికి అంత చెడ్డపేరు.

అది హాలు చివర, కిటికీ మూలన ఉంటుంది. ఇక చెయ్యగలిగిందేమీ లేదని డాక్టర్లు తేల్చేసినవాళ్ళని అక్కడికి మారుస్తారు. తెర లాగితే చిన్న గదిలా అవుతుంది కాబట్టి. రాత్రి రెండు దాటాక ఆ తెర వెనక నుంచి ఒక గొంతు వినిపిస్తుందని చెప్పుకునేవారు. ఆడగొంతు. ఏడవదు, అరవదు. గుసగుసగా దారి చెబుతుంది...

"ఎడమకి తిరుగు... ఇదిగో వంతెన... భయపడకు, దాటు... దాటు..."

అంతే. తెల్లారేసరికి మంచం ఖాళీ.

చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. విన్నవాళ్ళు మాత్రం నేల తుడిచే ఆవిడ దగ్గర్నుంచి ఎక్స్‌రే తీసే అబ్బాయి దాకా డజను మంది ఉన్నారు. అబద్ధమెందుకు, నేనూ ఒకసారి విన్నాను. విన్న వెంటనే అటువైపు పని లేదని గుర్తొచ్చి ఇటువైపు వచ్చేశాను.

ఇక కున్‌హొంగ్ సంగతి. మా కొత్త నర్సు. నూట నాలుగు కిలోల మగపిల్లాడు. ఎంత బరువున్న రోగినైనా ఒక్కడే పసిబిడ్డని తిప్పినట్టు పక్కకి తిప్పగలడు. దెయ్యాల భయానికి మాత్రం పక్క మీద నుంచి బాత్రూముకి కూడా ఒంటరిగా వెళ్ళడు.

మా దగ్గర ప్రతి మిషను మీదా ఒక ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్టు పెడతాం. ఆ తిండి పేరుకి అర్థం 'బుద్ధిగా ఉండు' అని. అది ఉంటే మిషను మొరాయించదు. పచ్చ ప్యాకెట్టే ఉండాలి, గడువు దాటకూడదు, ఎవరూ తినకూడదు. అందరూ ఒకటి పెడితే కున్‌హొంగ్ పదిహేనో మంచం వెంటిలేటర్ మీద మూడు పెట్టాడు, నాలుగోది జేబులో పెట్టుకున్నాడు. ఆ మూడింటిలో ఒకటి నేను తినేసి, ఖాళీ సంచిలో గాలి ఊది మళ్ళీ అక్కడే నిలబెట్టాను. నా మాట ఎవరూ నమ్మకపోవడానికి ఇలాంటి కారణాలు కొన్ని ఉన్నాయి.

ఇంకో కారణం, ఒక కాలి చెప్పు సంగతి.

మా రాత్రి డ్యూటీకి పెద్ద నర్సు పావ్‌జు అక్క. యాభై ఏళ్ళుంటాయి. నెలకోసారి నవ్వుతుంది, అదీ జీతం రోజున కాదు. ఆవిడ లాకరు పైఅరలో, ప్లాస్టిక్ సంచిలో, ఒకే ఒక్క రబ్బరు చెప్పు ఉండేది. మా తాతలందరూ వేసుకునే నీలం తెలుపు చెప్పు. మా అమ్మలందరూ మా వీపుల మీద విరగ్గొట్టిన చెప్పు కూడా అదే. ఆలస్యంగా వచ్చినవాళ్ళ మీద విసరడానికి అక్క దాచుకుందని నేనే ప్రచారం చేశాను. అక్క వినీ విననట్టు ఊరుకుంది. అదెవరిదని అడిగే ధైర్యం మాత్రం నాకూ లేకపోయింది.

సరే. ఆ ఏడు, తుఫాన్ల నెలలో, పదిహేనో మంచానికి ఆచియావ్ మామ్మ వచ్చింది.

సముద్రం ఒడ్డు ఊరు ఆవిడది. జీవితమంతా ఆల్చిప్పలు ఒలిచిన వేళ్ళు... అన్నీ గాట్లే. ఊపిరితిత్తులు పూర్తిగా పోయాయి. గొంతులో గొట్టం ఉంది కాబట్టి మాట్లాడలేదు. మొదటి వారం తెలివిలో ఉన్నప్పుడు పలక మీద రాసి గొడవపడేది. భర్త థెంగ్ తాత వచ్చిన ప్రతిసారీ ఒకటే రాసేది.

"ఏం తిన్నావు?"

"తిన్నాలేవే," అనేవాడు తాత.

"అబద్ధం. బొత్తాలు తప్పు పెట్టుకున్నావు."

"నువ్వు లేకపోతే ఎవరు చూస్తారు బొత్తాలు?"

"అందరూ చూస్తున్నారు. నర్సు నవ్వుతున్నాడు."

నవ్వుతున్న నర్సు కున్‌హొంగే. ఈ సంగతులన్నీ వాడు చెప్పగా విన్నవే. నా మంచాలు హాలుకి ఆ చివర.

పిల్లలు లేరు వాళ్ళకి. రెండో వారం మామ్మకి తెలివి తప్పింది. డాక్టరు తాతని కూర్చోబెట్టి మెల్లగా అంతా చెప్పాడు. ఇక గుండె మీద నొక్కడాలు వద్దు, సూదులు వద్దు, నొప్పి తెలియకుండా మార్ఫిన్ మాత్రం ఇద్దామన్నాడు. తాత కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టి, ఒకటే అడిగాడు.

"ఇంటికి ఎప్పుడు తీసుకుపోవచ్చయ్యా?"

మా వైపు ఎవరూ ఆస్పత్రిలో పోవాలనుకోరు. ఒక్క ఊపిరి మిగిలున్నా చాలు, దాంతో ఇల్లు చేరాలి. అంబులెన్సులో నర్సు చేత్తో ఊపిరి సంచి నొక్కుతూ ఉంటుంది. ఇంట్లో పడుకోబెట్టాక గొట్టం తీస్తుంది. దారి పొడుగునా అయినవాళ్ళు ఒకరు పక్కన కూర్చుని చెబుతూ ఉండాలి... ఇదిగో మలుపు, ఇదిగో వంతెన, దాటుతున్నాం అని. చెప్పకపోతే ప్రాణం ఆ వంతెన దగ్గరే ఆగిపోతుంది. ముందుకి నీళ్ళు దాటలేదు, వెనక్కి దారి తెలియదు.

"ఆస్పత్రిలో వదిలెయ్యకు అంది," అన్నాడు తాత. "యాభై మూడేళ్ళలో నన్నడిగింది అదొక్కటే. సరే అన్నాను."

మర్నాడు పొద్దుటికి అంబులెన్సు మాట్లాడారు.

ఆ సాయంత్రమే తుఫాను ఒడ్డు తాకింది.

తొమ్మిదింటికి ఏటి మీది పెద్ద వంతెన మూసేశారు. నీళ్ళు దాని నడుము దాకా వచ్చాయట. పదకొండింటికి కరెంటు పోయి వచ్చింది. వెంటిలేటర్లన్నీ ఒక్కసారి కీచుమని మళ్ళీ సర్దుకున్నాయి. ఒంటిగంటకి మామ్మ రక్తపోటు జారడం మొదలైంది. తొంభై... ఎనభై... డెబ్బై రెండు...

పొద్దుటి దాకా ఉండదు. ఉన్నా వంతెన ఉండదు.

తాత బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రోజుకి రెండుసార్లు అరగంట తప్ప లోపలికి రానివ్వరు. ఒళ్ళో మామ్మ కోసం తెచ్చిన పూల చొక్కా. ఇంటికెళ్ళేటప్పుడు తొడగడానికి.

రెండున్నరకి కున్‌హొంగ్ మందు తేవడానికి వెళ్ళి తిరిగొచ్చాడు. తెర మూసి ఉంది. తను తీసి వెళ్ళాడు...

లోపల దీపం లేదు. మానిటర్ శబ్దం కూడా లేదు... ఎవరో ఆపేశారు. కిటికీ మీద వాన. ఆ వాన సందుల్లోంచి...

"...బంకు దాటాం... ఎడమకి... మెల్లగా... ఇంకొంచెం ముందుకెళ్తే వంతెన..."

ఆడగొంతు.

కున్‌హొంగ్ జేబులోంచి పచ్చ ప్యాకెట్టు తీసి గట్టిగా పట్టుకుంటే ఠప్పుమని పగిలి చిరుతిండి ముక్కలు నేలంతా పడ్డాయి.

గొంతు ఆగింది.

తెర మెల్లగా... ఒక పక్కకి జరిగింది.

"ఏడ్చావులే," అంది పావ్‌జు అక్క. "లోపలికి రా. అవన్నీ ఊడ్చెయ్యి."

అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. మామ్మ చెయ్యి ఆవిడ చేతిలో. ఒళ్ళో ఒక కాగితం. దాని మీద ఆస్పత్రి నుంచి మామ్మ ఊరి దాకా పెన్సిల్‌తో గీసిన గీత.

"మీరా... ఇన్నాళ్ళూ... మీరేనా అక్కా?"

"ఇంటికెళ్ళలేనివాళ్ళు ఉంటారు కదరా. రాత్రిపూట పోతారు. అయినవాళ్ళని లోపలికి రానివ్వం. ఎవరో ఒకరు చెప్పాలి కదా దారి."

కున్‌హొంగ్ ఆ కాగితం వైపు చూశాడు. భయం పోయినవాడికి తెలివొచ్చింది.

"అక్కా, ఇది కొత్తరోడ్డు. తాత స్కూటర్ మీద పాత దారిలో వస్తాడు. మామ్మకి ఈ దారి తెలీదు."

అక్క కాగితం వైపు చూసింది. మూసిన తలుపు వైపు చూసింది. లేచింది.

"డాక్టర్ని పిలు. ఆ పెద్దాయన్ని నేను తీసుకొస్తాను. రేపు ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు."

తాత లోపలికొచ్చి మామ్మ ముఖం చూసి అక్కడే నిలబడిపోయాడు. చొక్కా బొత్తాలు ఇవాళ కూడా తప్పే.

"వంతెన మూసేశారంటగా," అన్నాడు. "సరే అన్నానమ్మా దానితో. మాటిచ్చాను."

"తాతా, దారి మీకు బాగా తెలుసా?"

"కళ్ళు మూసుకుని చెబుతాను."

"అయితే మూసుకోండి," అంది పావ్‌జు అక్క. "తీసుకెళ్దాం."

మామ్మకి పూల చొక్కా తొడిగారు. డాక్టరు మార్ఫిన్ కాస్త పెంచి నుదురు చూశాడు, నొప్పితో ముడుచుకుని లేదు. అక్క వెంటిలేటర్ తీసేసి, చేతి సంచి తగిలించి నొక్కడం మొదలుపెట్టింది. నొక్కి... వదిలి... నొక్కి... వదిలి... కున్‌హొంగ్ ఏం చెయ్యాలో తెలియక, కిందకి వంగి మంచం చక్రాల బ్రేకులు విప్పేశాడు. నూట నాలుగు కిలోల మనిషి మంచాన్ని గుప్పెడంత ముందుకి, గుప్పెడంత వెనక్కి, బండి కదిలినట్టు మెత్తగా ఊపుతూ నిలబడ్డాడు.

వాన ఎలాగూ నిజమైనదే.

"ఆచియావ్," అన్నాడు తాత, చెవిలో. "లేవే. పోదాం. స్కూటర్ కాదు, కారు. వాన పడదు నీ మీద... ఇదిగో గేటు. ఎడమకి తిరుగుతున్నాం."

కున్‌హొంగ్ మంచాన్ని ఎడమకి తిప్పాడు.

"నూడుల్స్ కొట్టు. మూసేశాడు. పోయినేడు నీ గొడుగు ఇక్కడే మర్చిపోయి నన్ను తిట్టావు. తెస్తాలే... మాజు అమ్మవారి గుడి. దణ్ణం పెట్టుకో. నేనూ పెడుతున్నాను... ఇక్కడ గుంతలు, జాగ్రత్త..."

మంచం కొంచెం ఎగిరింది.

"చెరుకు తోట అయిపోయింది. గాలి వస్తోంది చూడు. ఏరు. ఆచియావ్... వంతెన వచ్చింది. దాటుతున్నాం. నా చెయ్యి పట్టుకో. నీళ్ళ వంక చూడకు. దాటుతున్నాం..."

సంచి నొక్కే చప్పుడు ఆగింది.

కున్‌హొంగ్ తలెత్తాడు. పావ్‌జు అక్క చేతులు సంచి మీద అలాగే బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్క క్షణం... రెండు...

"అక్కా," అన్నాడు గుసగుసగా. "అక్కా, నొక్కు."

అక్క నొక్కింది. నొక్కుతూనే మామ్మ రెండో చెవి దగ్గరికి వంగింది. ఆ గొంతు కున్‌హొంగ్ అంతకుముందెప్పుడూ వినలేదట. చిన్నపిల్ల గొంతులా ఉందట.

"మామ్మా... వంతెన మధ్యలో, కుడిపక్కన, ఒక సన్నటి మనిషి నిలబడి ఉంటారు. చాలా ఏళ్ళుగా అక్కడే ఉన్నారు. మీకు బరువు కాకపోతే... ఆయన్ని కూడా అవతలికి తీసుకెళ్తారా? పావ్‌జు పిలవమందని చెప్పండి. చాలు, వస్తారు."

తాత ఒక్కసారి ఆవిడ వైపు చూశాడు.

"విన్నావుగా ఆచియావ్," అన్నాడు. "ఆయన్నీ రమ్మను. కారులో చోటుంది."

వంతెన దాటారు.

"అదిగో ఆల్చిప్పల గుట్ట. వాసనొస్తోందా? మన ఊరే. కుక్క మొరుగుతోంది, నిన్ను చూసే... ఇదిగో గుమ్మం. ఎత్తు ఎక్కువ, కాలెత్తు... ఆఁ. వచ్చేశాం. ఇల్లు వచ్చేసిందే ఆచియావ్. నీ మంచం. పడుకో."

అక్క గొట్టం తీసింది. పెదాలు తడిగుడ్డతో తుడిచింది. పన్నెండు రోజుల తర్వాత మామ్మ ముఖం మీద ఏమీ లేదు, ముఖం తప్ప.

తనంతట తనే పదకొండు నిమిషాలు ఊపిరి పీల్చింది. ఆ తర్వాత పీల్చలేదు.

తాత ఏడవలేదు. చొక్కా బొత్తాలు విప్పి, ఒక్కొక్కటీ చూసుకుంటూ, మళ్ళీ సరిగ్గా పెట్టుకున్నాడు.

తెల్లవారుజామున వంటగదిలో చల్లారిపోయిన సోయాపాలు ముందు పెట్టుకుని పావ్‌జు అక్క కున్‌హొంగ్‌తో చెప్పింది. పన్నెండేళ్ళ కింద వాళ్ళ నాన్న ఆ పదిహేనో మంచం మీదే ఉన్నారు. ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు సంచి తనే నొక్కింది. అమ్మ వెనక బండిలో. దారి చెప్పాల్సింది కూడా తనే.

"నర్సుని కదరా. ఊపిరి లెక్కపెడుతున్నాను. పదమూడు, పద్నాలుగు, పదిహేను... నోటి నిండా అంకెలే. ఇదే పెద్ద వంతెన వచ్చింది, నేను చెప్పలేదు. దాటాక చూస్తే నాన్న లేరు. నాడి లేదు. ఇంకా పదకొండు కిలోమీటర్లు ఉంది ఇంటికి. నొక్కుతూనే ఉన్నాను. ఇంట్లో పడుకోబెట్టి గొట్టం తీసి, ఇప్పుడే పోయారమ్మా అన్నాను. అమ్మ ఎంత మురిసిపోయిందో. ఇంటికొచ్చే పోయాడు మహానుభావుడు అని... ఇప్పటికీ అందరికీ చెబుతుంది."

సోయాపాలు తాగకుండానే గిన్నె కడిగేసింది.

కున్‌హొంగ్ ఇదంతా నాకు చెబుతూ ఏడ్చాడు. నేను వాణ్ణి ఏడిపించలేదు. రాసి పెట్టుకోండి, ఆ ఒక్కరోజు.

పది రోజుల తర్వాత థెంగ్ తాత వచ్చాడు. పొద్దున డ్యూటీ మారే వేళ. చేతిలో థర్మోకోల్ పెట్టె, నిండా ఒలిచిన ఆల్చిప్పలు. ఎవరు ఒలిచారో వేళ్ళ గాట్లు చూస్తే తెలుస్తోంది.

మా లాకర్ల గది ముందు నిలబడి పావ్‌జు అక్కతో అన్నాడు:

"పోయినవాళ్ళు ఏడో రాత్రి ఇంటికొస్తారు కదమ్మా, అది వస్తుందని మేలుకుని కూర్చున్నాను. ఆల్చిప్పల జావ కాచి, దానికొక గిన్నె, నాకొక గిన్నె పెట్టాను. ఎప్పుడు కునుకు పట్టిందో... కళ్ళు తెరిస్తే గుమ్మంలో ఉంది. పూల చొక్కాలో. నా బొత్తాలు చూసి తలూపింది. వెనకాల ఇంకో మనిషి. సన్నగా. ఒళ్ళంతా తడి. లోపలికి రావడానికి మొహమాటపడుతున్నాడు. రావయ్యా అని నా గిన్నె ఆయన ముందు పెట్టాను."

థర్మోకోల్ పెట్టె కింద పెట్టాడు.

"పాపం, ఎంత దూరం నడిచాడో," అన్నాడు తాత. "ఒక కాలికే ఉందమ్మా చెప్పు. నీలంది."

పావ్‌జు అక్క మెల్లగా తల తిప్పి... నా వైపు చూసింది. అందరూ నా వైపే చూశారు. ఆ చెప్పు మీద జోకులు వేసింది ఎవరు మరి?

"షావ్‌యూ. నువ్వేనా ఈయనకి చెప్పింది?"

"ఒట్టు అక్కా. నేను కాదు."

నమ్మలేదు. నేనైనా నమ్మేదాన్ని కాదు. కానీ అక్క కోప్పడలేదు. తాత వైపు తిరిగి, గుసగుసగా అడిగింది.

"ఏ కాలికి, తాతా?"

"కుడికాలికి. ఎడమ కాలు ఉత్తదే."

అక్క లాకరు తెరిచింది. సంచిలోంచి చెప్పు తీసింది. ఇన్నేళ్ళలో దాన్ని బయట చూడటం అదే మొదటిసారి. బల్ల మీద పెట్టింది.

ఎడమ చెప్పు.

"ఆ రోజు తొందరలో మంచం కింద ఉండిపోయింది," అంది, మాతో కాదు. తర్వాత దాన్ని ఒళ్ళోకి తీసుకుని తాతని అడిగింది. "నన్ను మీ ఇంటికి తీసుకెళ్తారా? అక్కడి నుంచి మా ఇల్లు దగ్గరే. మధ్యలో ఇంక వంతెన లేదు."

తాత స్కూటర్ వెనక కూర్చుని వెళ్ళిపోయింది. యూనిఫాం కూడా మార్చుకోలేదు.

వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి కున్‌హొంగ్ నా చెయ్యి పట్టుకున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ రాత్రి పదిహేనో మంచం వాడిదే.

"నిజం చెప్పక్కా. నువ్వే కదూ? నువ్వే కదూ చెప్పింది తాతకి?"

నేను పళ్ళన్నీ కనబడేలా నవ్వాను.

"కాక ఇంకెవర్రా? నీ మొహానికి దెయ్యం కావాలా?"

"హమ్మయ్య," అన్నాడు. నా వీపు మీద ఒక్కటిచ్చి, ఈల వేసుకుంటూ చేతులు కడుక్కోవడానికి పోయాడు.

నేను లాకరు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ చెప్పు ఎడమదో కుడిదో నాకసలు తెలీదు. ఇక థెంగ్ తాత అంటారా... ఆయన ముఖం నేను చూడటం ఆ పొద్దునే మొదటిసారి.